బానెట్ మీద నిండు సున్నా

కొత్త కారుకు పాలిష్ ఎందుకని అడిగేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న ఒక పత్రికలో ఎవరో రాశారు, కొత్త కారు రంగును రెండేళ్ల దాకా ముట్టుకోనక్కర్లేదని. రాసినాయన తన కారును ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక్క ఎండాకాలం నిలిపి చూసి, ఆ తర్వాత రాసి ఉంటే బాగుండేది.

కొత్త కారు కాగితాల మీదే కొత్తది. ఫ్యాక్టరీ నుంచి లారీ ఎక్కి వచ్చి, ఊరి బయట యార్డులో నెలల తరబడి ఎండలో నిలబడి, దుమ్ము తాగి, పక్షులు చేసేవన్నీ చేయించుకుని, చివరికి షోరూముకు చేరుతుంది. డెలివరీ రోజు పొద్దున అక్కడి మనిషి ఒక పొడి గుడ్డతో ఆ దుమ్మంతా తుడుస్తాడు. ఆ గుడ్డ అప్పటికి ఎన్ని కార్లను తుడిచిందో ఎవరికీ తెలియదు. ఇసుకతో తోమినట్టే. తర్వాత రిబ్బను కట్టి, తాళంచెవి చేతికిచ్చి, ఫోటో తీస్తారు. ఫోటోలో గీతలు కనపడవు. అదే కారును ఎండలో నిలిపి పక్కకు వంగి చూడండి, రంగు మీద సాలెగూడు కనిపిస్తుంది. ఆ సాలెగూడు తీసి, పైన మైనం పట్టించి, ఎండకూ వానకూ తట్టుకునేలా చేసేవాణ్ణి నేను. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. జనం మాత్రం ‘కార్లు తుడిచేటోడు’ అన్నారు. తుడవడం వేరు, పాలిష్ వేరు. ఈ మాట చెప్పీ చెప్పీ నా పళ్లు ఊడిపోయాయి.

ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలు నల్ల చొక్కాలేసుకుని, మూతికి మాస్కులు కట్టుకుని, చిన్నచిన్న సీసాల్లోంచి ఏవేవో పూతలు పూస్తున్నారు. మంచిదే. వాళ్ల మిషన్లు మా మిషన్లకన్నా తెలివైనవి. కానీ మిషన్ పట్టుకున్న చెయ్యి పాతదే. అందుకని నా చెయ్యి చేసిన ఒక పని గురించి వాళ్లకు చెప్పాలనిపించింది.

నా చదువు నల్లగొండ దగ్గర మా ఊళ్లో నాలుగో తరగతితో ఆగింది. మిగతాది పాలిష్ డబ్బాల మీద చదువుకున్నాను. డబ్బా మీది ఇంగ్లీషు మాటలను క్యాలెండర్ కాగితాల వెనక రాసుకుని, వచ్చిన ప్రతి చదువుకున్న కస్టమరునూ అర్థం అడిగేవాణ్ణి. అలా నేను మొదట నేర్చిన ఇంగ్లీషు మాట ‘కాషన్’, అంటే జాగ్రత్త. ఆ మాట నేర్చుకుని ఏం లాభం కలిగిందో మీరే చూస్తారు.

మా షెడ్డు ఎల్బీనగర్ దాటాక సాగర్ రోడ్డు మీద, తుర్కయంజాల్ వెళ్లే వైపు ఉండేది. పైన రేకులు, కింద బండలు, ముందు ఒక నీళ్ల ట్యాంకు. సేటు మా జిల్లావాడే. మంచి మనిషి, కానీ ఒక నియమం పెట్టుకున్నాడు: కొత్త కారు మీద ఎవరి చేత్తో గీత పడితే ఆ మనిషి మర్నాటి నుంచి పనికి రానక్కర్లేదు. ఆ మాట మీద అప్పటికే ఒకణ్ణి పంపేశాడు. కార్లు కడగడానికి ఒక ఆమె ఉండేది. ఆమెదీ నల్లగొండ వైపే. నన్ను ‘అన్నా’ అని పిలుస్తూనే నా తోలు వలిచేది. అక్షరం రాదు గానీ, మనిషి మొహం పుస్తకంలా చదివేది.

షెడ్డు ముందు బోర్డు నేనే రాశాను. సేటు ‘కార్ వాష్’ అని రాస్తే చాలన్నాడు. నేను ఊరుకుంటానా. కింద ఎర్ర రంగుతో ఇంకో రెండు మాటలు చేర్చాను: ‘మచ్చలు దాచము. తీసెదము.’ అప్పట్లో మా చుట్టుపక్కల షెడ్లలో గీతల మీద నల్ల మైనం పూసి, మెరిపించి పంపేవాళ్లు. రెండు వానలకు గీత మళ్లీ బయటపడేది. ఆ మోసం మీద కోపంతో రాసిన మాటలవి. బోర్డు ఎక్కించిన రోజు ఆమె చదివి వినిపించమంది. వినిపించాను. “మస్తుగ రాసినవన్నా. ఇగ తప్పు చేస్తే నువ్వే దొరుకుతవ్,” అంది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎప్పుడు బంద్ అంటారో, ఎప్పుడు రాస్తారోకో అంటారో తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డంతా పిల్లలే. చైతన్యపురి హాస్టళ్లలోంచి పుస్తకాలు పక్కన పెట్టి వచ్చినవాళ్లు, వాళ్ల వెనక లాయర్లు, బస్సు ఉద్యోగులు, డప్పులు, బోనాలు. వాళ్లను పనీపాటా లేనివాళ్లన్న పెద్దమనుషులున్నారు. ఆ మాట అన్నవాళ్లను నేను ఈ రోజుకూ మరిచిపోలేదు. నేను పనివాణ్ణే. పని మానకుండానే ఉద్యమంలో ఉన్నాను. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒకరోజు పొద్దున ఒక లెక్చరర్ గారు కారు తెచ్చారు. కృష్ణా జిల్లా వైపు మనిషి, చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవారు. కొత్త కారు, నేరేడుపండు రంగు. అలాంటి రంగు మీద పని చేయాలంటే నాకు ప్రాణం లేచొస్తుంది. కానీ బానెట్ నడుమ అరచేయంత స్వస్తిక్ ఉంది. పసుపు, గంధం, కుంకుమ, దాని మీద కొబ్బరినీళ్లు, ఆపైన ఎండ. మన దగ్గర కొత్త కారు ముందు గుడికి పోతుంది, తర్వాతే నా దగ్గరికి వస్తుంది.

“ఎన్ని రోజులైంది సార్, ఈ బొట్టు పెట్టి?” అన్నాను.

“ఇరవై రోజులండి. మా అత్తగారు పెట్టారు. చెరిపితే ఊరుకోరు. ఇవాళ పొద్దున ఊరెళ్లారు, బస్సెక్కించి అట్నుంచి అటే మీ దగ్గరికి వచ్చేశాను.”

“పాత రోజుల కుంకుమైతే కడిగితే పోయేది సార్. ఇప్పుడు దొరికేది ఉట్టి రంగు. పెయింట్లకు దిగుతది.”

“అలా అనకండి మేస్త్రిగారూ. జీవితంలో మొదటి కారు. ఆవిడ ఒచ్చేలోపు దీన్ని మామూలుగా చెయ్యండి, మిగతాది నేను చూసుకుంటాను.”

మేస్త్రిగారూ. ముప్పై ఏళ్లలో నన్ను ‘గారు’ అన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాయంత్రానికి అద్దంలా చేసి ఇస్తానని మాటిచ్చాను. ఆయన క్లాసుందని ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆమె కారు కడిగింది. నేను చేత్తో రుద్దాను. స్వస్తిక్ పోయింది గానీ దాని నీడ ఎర్రగా మిగిలింది. ఇక మిషన్ పెట్టక తప్పలేదు. ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. కారు రంగు మీద గాజులాంటి పలచని పొర ఒకటి ఉంటుంది. మెరుపంతా దానిదే. పాలిష్ మిషన్ గిర్రున తిరుగుతూ ఆ పొరను వెంట్రుకవాసి అరగదీసి నునుపు చేస్తుంది. కాబట్టి మిషన్‌ను ఒక్కచోట ఆపకూడదు. ఆపితే వేడికి పొర మాడిపోతుంది. బానెట్ అంచుల దగ్గర పొర ఇంకా పలచన, అక్కడ ముందుగా టేపు అంటించాలి. ఇవన్నీ నాకు తెలుసు, పదిమందికి నేర్పాను కూడా. ఆ రోజు రెండు నిమిషాల పనే కదా అని టేపు వేయలేదు.

నడుమ మచ్చ పోయింది. అంచు వైపు వస్తున్నాను. అప్పుడే రోడ్డు మీద డప్పు మోగింది. తుర్కయంజాల్ వైపు నుంచి ఊరేగింపు. ఆమె నీళ్ల పైపు చేతిలో పట్టుకునే రోడ్డు మీదికి పరుగెత్తింది. పిల్లలు మా షెడ్డు ముందుకు రాగానే నన్ను చూసి ఒకడు “కాకా, జై తెలంగాణ” అన్నాడు. నేను ఊరుకునే మనిషినా. కుడి పిడికిలి ఎత్తి “జై తెలంగాణ” అన్నాను. వాళ్లు మళ్లీ అన్నారు. నేనూ మళ్లీ అన్నాను. ఎడమ చెయ్యి మిషన్ మీదే ఉంది. మిషన్ తిరుగుతూనే ఉంది, ఉన్నచోటే. మూడోసారి అనేసరికి కాలిన వాసన వచ్చింది.

మిషన్ ఎత్తి చూశాను. బానెట్ ముందంచు మీద, సరిగ్గా రూపాయి బిళ్లంత చోట మెరుపు పోయి, తెల్లగా పాలిపోయిన మచ్చ. అది పాలిష్‌తో పోయేది కాదు. బానెట్ మొత్తానికి మళ్లీ రంగు వేయాల్సిందే. అలా వేశాక అది కంపెనీ రంగు కాదు, ఆ కారు కొత్తదీ కాదు.

ఆమె వెనక్కి వచ్చి చూసింది. 

“ఏందన్నా గిది?”

“ఏం లేదు.”

“ఏం లేదంటవేంది. కొత్త కారుకు అమ్మోరు పోసినట్టున్నది.”

“జర మెల్లగ మాట్లాడు. సేటు ఇంటడు.”

“సారుకు చెప్తవా మరి?”

చెప్తానన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను. కానీ సాయంత్రం దగ్గర పడుతున్నకొద్దీ లోపల లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు యాభై దాటింది. ఈ షెడ్డు పోతే ఇంకో షెడ్డులో కుర్రాళ్ల కింద గుడ్డలు పిండుకోవాలి. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటుంది. పక్క షెడ్లవాళ్లంతా నా బోర్డు చూసి నవ్వుతారు. బిడ్డలారా, ఉద్యోగం పోతుందన్న భయం మనిషిని సగమే వంచుతుంది. పదిమంది నవ్వుతారన్న భయం మిగతా సగం వంచేస్తుంది.

ఒక దారం తీసుకుని బానెట్ ఈ చివర నుంచి మచ్చ దాకా కొలిచాను. చౌరస్తా దగ్గర రేడియం కాగితంతో బండ్లకు అక్షరాలు కోసి అంటించే కొట్టుంది. ఆ రోజుల్లో అతనికి ఒకటే పని, జై తెలంగాణ. దారం అతని చేతిలో పెట్టి, అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలో, ‘ల’ పక్కన సున్నా ఎక్కడికి రావాలో చెప్పాను.

“సున్నను నింపి కొయ్యి,” అన్నాను.

“సున్న నింపుడేంది కాకా. లోపట ఖాళీ ఉండాలె.”

“ఉండొద్దు.”

“గట్లయితే సున్న అనరు, చుక్క అంటరు.”

“చుక్కనే అనుకో. నా తెలంగాణ, నా ఇష్టం.”

అతను నన్ను ఎగాదిగా చూసి, నింపి కోసిచ్చాడు. బానెట్ ముందంచు పొడవునా తెల్ల అక్షరాలు అంటించాను. సున్నా వెళ్లి మచ్చ మీద ముద్దలా కూర్చుంది. ఆమె చేతులు కట్టుకుని చూస్తూ, “మచ్చలు దాచము,” అంది. ఆ ఒక్క మాటే అంది, నేను చదివి వినిపించిన స్వరంలోనే.

లెక్చరర్ గారు వచ్చారు. కారు మెరుపు చూసి మురిశారు, అక్షరాలు చూసి ఆగిపోయారు.

“ఇదేంటండీ?”

“మీకోసమే సార్. రోజులు మంచిగ లేవు. బంద్ రోజు ఎవరన్న ఆపితే ముందుగాల కనపడేది బానెటే. గిది చూస్తే ఎవ్వరు ముట్టరు.”

అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని నాకే తెలియదు. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లు చెమర్చాయి. తోటి లెక్చరర్లు బంద్ రోజుల్లో ఇల్లు కదలడానికే జంకుతున్నారట. “నేను అడక్కుండానే ఇంత ఆలోచించారు. మీ మేలు మర్చిపోనండి,” అన్నారు. మిషన్ కింద నా చెయ్యి పెట్టినా అంత మండేది కాదు. ఆయన లెక్కల మనిషి కదా, పోతూపోతూ వంగి చూశారు.

“సున్నా నింపేశారేంటండీ? లోపల ఖాళీ ఉంటేనే అది సున్నా.”

“దూరంకెళ్లి మంచిగ కనపడాలని సార్.”

ఆ తర్వాత మూడు నెలలకోసారి ఆయన మైనం పట్టించడానికి వచ్చేవారు. ప్రతిసారీ అక్షరాల చుట్టూ జాగ్రత్తగా రుద్దేవాణ్ణి. ప్రతిసారీ ఆయన దగ్గర ఒక కొత్త కబురు ఉండేది. ఒక బంద్ రోజు అత్తగారిని ఎక్కించుకుని వస్తుంటే ఎల్బీనగర్‌లో పిల్లలు ఆపారట. బానెట్ చూసి, “మనోళ్లే, పోనియ్‌రా” అన్నారట. అత్తగారు అద్దం దించి, “జై తెలంగాణ నాయనా, మజ్జిగ తాగుతారా” అని ఫ్లాస్కు చూపించారట. ఆ యాసకు పిల్లలు పడీపడీ నవ్వి, మజ్జిగ తాగి, దారి వదిలారట. స్వస్తిక్ ఏదని ఆవిడ అడగనే లేదట. అక్షరాలే దిష్టి తీస్తాయని ఒప్పేసుకుందట.

ఆయన నవ్వుతూ చెప్పేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆయన వెళ్లగానే ఆమె మొదలుపెట్టేది. “అన్నా, తెలంగాణ ఎప్పుడొస్తదో గని, నీ సున్న కథ ఎప్పుడు బయటికొస్తది?”

తెలంగాణ వచ్చింది. ఆ వారమంతా మా షెడ్డు నిండా గులాల్ కార్లే. గులాబీ రంగు సీట్లలోకి, తలుపు సందుల్లోకి దూరింది. కడగలేక ఆమె నడుం పట్టేసింది. అయినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ కార్ల మధ్యలో ఒకరోజు నేరేడుపండు రంగు కారు వచ్చి ఆగింది. లెక్చరర్ గారు మిఠాయి పెట్టె పట్టుకుని దిగారు.

“మీకు అభినందనలు మేస్త్రిగారూ. ఇక రాష్ట్రం వచ్చేసింది కదా. ఈ అక్షరాలు తీసేయండి. వాటి పని అవి చేశాయి.”

సేటు లోపల కుర్చీలో ఉన్నాడు. ఆమె పైపు కట్టేసింది. నేను వేడినీళ్లలో గుడ్డ ముంచి, ‘జై’ మీద పెట్టాను. మెత్తబడి ఊడింది. ‘తె’ ఊడింది. ‘ల’ ఊడింది. సున్నా దగ్గర చెయ్యి ఆగింది. గోరు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను.

“సార్, దీని కింద ఒక మచ్చ ఉన్నది. నేనే చేసిన. ఆ రోజు జై తెలంగాణ అనుకుంట మిషన్ ఒక్కకాడనే పట్టుకున్న. రంగు కాలింది. మీకు కనపడొద్దని అతికించిన. మీకోసం కాదు సార్, నాకోసం.”

 ఆయన సున్నాను తనే గోటితో తీశారు. మచ్చను వేలితో తడిమారు. చాలాసేపు తడిమారు.

“మా ఊరెళ్తే మా బాబాయిలందరూ, ఎందుకురా అక్కడ, వచ్చేయరా అంటారండి,” అన్నారు మెల్లగా. “అప్పుడల్లా మీ సంగతి చెప్పేవాణ్ణి. అడక్కుండానే నా కారు కాపాడిన మనిషి ఉన్నాడు అక్కడ అని. ఇన్నేళ్లూ అదే చెప్పాను. నమ్మారు కూడా. ఇప్పుడేం చెప్పమంటారు?”

 రంగు గురించి ఏది అడిగినా చెప్పగలను. ఇది రంగు కాదు. ఒక కారును చెడగొట్టానని ఇన్నాళ్లూ అనుకున్నాను గానీ, ఆయన ఊళ్లో ఒక నమ్మకానికి పునాదినయ్యానని, అది కూడా అబద్ధపు పునాదినని నాకు తెలియదు.

జవాబు ఆమె చెప్పింది, పైపు చుట్ట చుడుతూ.

“గిది గూడ చెప్పుండ్రి సారూ. అప్పుడు దాసిపెట్టిండు, ఎవ్వరు అడగకముందే ఇప్పుడు నోరిప్పిండు అని చెప్పుండ్రి. మీ అత్తమ్మ మజ్జిగ పోసింది, మా పోరగాండ్లు తాగిన్రు. గదైతే అబద్ధం కాదు గద.”

ఆయన ఆమె వైపు చూశారు, బోర్డు వైపు చూశారు, మళ్లీ బానెట్ వైపు చూశారు. ఆయన మూతి చివర కొంచెం కదిలింది.

“ఇన్నేళ్లూ పిల్లల పేపర్ల మీద సున్నాలు నేనే వేస్తున్నాను అనుకున్నాను,” అన్నారు. “నాకు వేసినవాళ్లు మీరొక్కరే.”

అప్పుడే సేటు బయటికి వచ్చాడు. “ఏమైంది సార్, ఏమన్న ఖరాబైందా?”

 లెక్చరర్ గారు వేలికి అంటుకున్న సున్నాను మళ్లీ మచ్చ మీద అద్ది, మిఠాయి పెట్టె మూత తీసి సేటు ముందుకు చాపారు.

“ఏం లేదండి. ఈ సున్నా మాత్రం ఉంచేయమంటున్నాను. గుర్తుగా.”

సేటు రెండు మిఠాయిలు తీసుకుని లోపలికి పోయాడు. బానెట్‌కు మళ్లీ రంగు వేయిస్తాను, ఖర్చంతా నాదేనని ఎంతో చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. అక్షరాల నీడలు నాలుగైదు వాష్‌లకు ఎండలో కలిసిపోయాయి. సున్నా మాత్రం ఉండిపోయింది. ఆయన తర్వాత కూడా మూడు నెలలకోసారి వస్తూనే ఉన్నారు. దాని మీద కూడా మైనం పట్టించమనేవారు. మునుపట్లా కబుర్లు చెప్పడానికి ఒక ఏడాది పట్టింది.

ఆ అక్షరాలు తీసిన మర్నాడే నేను నిచ్చెన వేసుకుని బోర్డు దిద్దాను. ‘మచ్చలు తీసెదము. తీయలేనివి చెప్పెదము.’

సేటు కింద నిలబడి తల గోక్కున్నాడు. “మంచిగున్న బోర్డు ఎందుకు మార్చినవయ్యా?”

“తప్పున్నది సేటు. దిద్దిన.”

ఆమె చదివి వినిపించమంది. వినిపించాను. సేటు లోపలికి పోయేదాకా ఆగి, “మరి సేటుకెప్పుడు చెప్పెదవు?” అంది.

షెడ్డు ఇప్పుడు లేదు. అక్కడ ఏదో బట్టల దుకాణం వచ్చింది. సేటు అల్మాస్‌గూడలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని, ఈ పత్రికలో అచ్చయిన ప్రతి అక్షరం, చివరి పేజీ దాకా వదలకుండా చదువుతాడని విన్నాను. సేటూ, ఇదిగో, చెప్పిన.